మీరు ముందు వెళ్లండి, నేను మెల్లగా వస్తాను

పోయిన గురువారం రాత్రి మా సైకిలు బృందపు వాట్సాప్‌లో ఒక ప్రకటన వచ్చింది. ఆదివారం భీమిలి రైడ్‌కు గంటకు 25 కిలోమీటర్ల సగటు వేగం నిలబెట్టగలిగినవారు మాత్రమే రావాలనీ, మిగిలినవారు తమ వీలును బట్టి విడిగా బయలుదేరవచ్చుననీ దాని సారాంశం. రాసినవాడు బృందంలో అందరికంటే చురుకైన కుర్రాడు. మనిషి మంచివాడు, దారిలో ఎవరికి పంక్చరు పడినా తన దగ్గరున్న ట్యూబు తీసి ఇచ్చేవాడు. ఆ ప్రకటనలో ఎవరినీ నొప్పించే మాట ఒక్కటీ లేదు, పదిహేనుమంది దానికి బొటనవేలి గుర్తు కూడా పెట్టారు. అయినా ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఏడేళ్ల క్రితం ఇదే ప్రకటనను, దాదాపు ఇవే మాటలతో, రాసినవాణ్ని నేనే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పదిమందిమి కలిసి సైకిలు తొక్కుతున్నామని చెప్పుకున్న రోజున, ఆ పదిమంది వేగాన్ని నిర్ణయించవలసినవాడు అందరికంటే నెమ్మదిగా తొక్కేవాడు. అతని కోసం మధ్యమధ్య ఆగి ఎదురుచూస్తే సరిపోదు. బయలుదేరిన చోటి నుంచి తిరిగి చేరేదాకా అతని వేగమే బృందపు వేగం కావాలి. దీన్ని జాలి మాటగానో సంస్కారం మాటగానో చెబితే ఎవరూ కాదనరు, ఎవరూ పాటించరు కూడా. అందుకే గాలి లెక్కతోనూ గడియారం లెక్కతోనూ చెప్పాలనుకుంటున్నాను. చెప్పబోయే కొద్దీ నాకే అడ్డుపడే సందేహాలు కొన్ని ఉన్నాయి, వాటినీ దాచను.

పదకొండు ప్లేట్లు

అది ఆ రోజుల్లోని ఒక ఏప్రిల్ నెల ఆదివారం. తెల్లవారుజామున ఐదు గంటలకు విశాఖ ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం ఎదుట పన్నెండుమందిమి కలిశాం, అలవాటు ప్రకారం ఫొటో తీసుకున్నాం. భీమిలి అక్కడికి పాతిక కిలోమీటర్లు. తెన్నేటి పార్కు దగ్గర కైలాసగిరి పాదాన్ని చుట్టి వెళ్లే ఎత్తు ఒకటి, రుషికొండ దగ్గర మరొకటి, తొట్లకొండ దాటాక ఎర్రమట్టి దిబ్బల దాకా చిన్నచిన్న ఎత్తుపల్లాలు. రోజూ తొక్కేవాడికి ఇవి ఎత్తులు కావు, కొత్తవాడికి మాత్రం ప్రతిదీ కొండే.

ఆ రోజు కొత్తవాడు ఒక హైస్కూలు లెక్కల మాస్టారు. వయసు యాభై ఎనిమిది. కొడుకు ఉద్యోగానికి బెంగళూరు వెళుతూ ఇంట్లో వదిలేసిన గేర్ల సైకిలును తుడిచి, గాలి కొట్టించుకుని, మా వెంట రావడం అది మూడోసారి. రుషికొండ ఎత్తు సగం ఎక్కాక ఆయన ఊపిరి చప్పుడు నాకు వినపడుతోంది. నేను పక్కకు వచ్చి చూశాను. ఆయన నవ్వి, "మీరు ముందు వెళ్లండి బాబూ, నేను మెల్లగా వస్తాను" అన్నారు.

మన భాషలో ఆ వాక్యాన్ని పైకి వినపడిన అర్థంతో తీసుకునేవాడు తెలివితక్కువవాడైనా కావాలి, తొందరలో ఉన్నవాడైనా కావాలి. పెళ్లి పందిట్లో "మీరు కూర్చోండి, నేను తర్వాతి బంతిలో తింటాను" అన్నట్టే ఇదీ మర్యాద కోసం ఆడే అబద్ధం. ఎదుటివాడు "అబ్బే, కలిసే వెళదాం పదండి" అని రెండోసారి అంటాడేమోనని ఎదురుచూసే అబద్ధం. నేను తొందరలో ఉన్నాను. రెండోసారి అనలేదు.

భీమిలిలో టిఫిను హోటలు కుర్రాడు ఎన్ని పెసరట్టు ఉప్మాలని అడిగితే మాలో ఒకరు తలలు లెక్కపెట్టి పదకొండు అన్నారు. లెక్క సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే కూర్చున్నవాళ్లం పదకొండుమందిమే. తిన్నాం, కాఫీ తాగాం, సముద్రం వైపు తిరిగి మళ్లీ ఫొటో తీసుకున్నాం. దాన్ని పొద్దున్న తీసిన ఫొటో పక్కన పెట్టి పంపించబోతుంటే అప్పుడు తెలిసింది, పొద్దున్నది పన్నెండు తలల ఫొటో అని. నా జెర్సీ వెనక జేబులో ఉన్న ఫోనులో నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మంగమారిపేట దగ్గర మాస్టారి వెనక టైరుకు పంక్చరు పడిందట. ఆయన దగ్గర పంపు లేదు, ట్యూబు లేదు. చేపల గంపలతో ఊళ్లోకి వెళుతున్న ఆటోవాడు సైకిలును పైన కట్టుకుని ఆయన్ను ఎంవీపీ కాలనీలో దింపాడట. ఇదంతా తర్వాత మరొకరి ద్వారా తెలిసింది. ఆయన మాత్రం ఫోనులో, "పర్వాలేదు బాబూ, ఇంట్లో కొంచెం పని గుర్తొచ్చింది, వెనక్కి వచ్చేశాను" అన్నారు. ఇది రెండో మర్యాద అబద్ధం.

మాస్టారు మళ్లీ రాలేదు. రెండు నెలల తర్వాత బీచ్ రోడ్డులో నడుస్తూ కనిపించి, "ఏం బాబూ, ఇప్పుడు ఎంత స్పీడులో వెళుతున్నారు?" అని అడిగారు. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు ఏ మూలా లేదు. ఉంటే నేను ఏదో ఒక సమాధానం చెప్పి ఉండేవాణ్ని. ఆ ఆదివారం నా సగటు 26.4. రైడ్ల వేగం, దూరం నమోదు చేసే స్ట్రావా యాప్‌లో ఆ అంకె ఇంకా ఉంది.

గాలి లెక్క, గడియారం లెక్క

భీమిలి రోడ్డు విశాఖ నుంచి ఈశాన్యంగా పోతుంది. వేసవిలో మన తీరం మీద వీచే గాలి నైరుతి నుంచి వస్తుంది. అంటే వెళ్లేటప్పుడు వీపు మీద చెయ్యివేసి నెట్టే గాలే తిరిగి వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది, అదీ పొద్దెక్కి బలపడ్డాక. ఈ రోడ్డు మీద మొదటిసారి తొక్కినవాళ్లందరూ భీమిలి చేరగానే తమ దమ్ము చూసి తామే మురిసిపోవడం, తిరుగు ప్రయాణంలో సాగర్ నగర్ చేరేసరికి మాట పడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

సైకిలు మీద ఉన్నవాడిని వెనక్కి లాగే వాటిలో, చదునైన రోడ్డు మీద కాస్త వేగం అందుకున్నాక, ప్రధానమైనది గాలి. దాని నిరోధం వేగం పెరిగినట్టు పెరగదు, వేగం వర్గం ప్రకారం పెరుగుతుంది. గాలి లేని పూట గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నవాడి ఛాతీకి తగిలే గాలి 20. అదే వేగంతో 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో వెళితే తగిలేది 35. నిరోధం రెట్టింపుతో ఆగదు, మూడు రెట్లు అవుతుంది. ఈ లెక్క మాస్టారు ఉంటే నాకంటే బాగా చెప్పేవారు.

గుంపుగా తొక్కడంలోని రహస్యమంతా ఇక్కడే ఉంది. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, అతని చక్రానికి దగ్గరగా వెనక నడిచేవాడికి ఆ నిరోధం బాగా తగ్గుతుంది. మంచి వేగంలో ఉన్నప్పుడు శ్రమలో నాలుగో వంతు దాకా మిగులుతుందని అనుభవజ్ఞులు చెబుతారు, నా కాళ్లూ ఒప్పుకున్నాయి. ఎదురుగాలిలో ఈ చాటు విలువ మరీ పెరుగుతుంది. పందెగాళ్లు వంతులవారీగా ముందుకు వచ్చి గాలిని మోసేది ఇందుకే.

ఇప్పుడు బృందం నుంచి ఒకడు జారిపోవడాన్ని చూడండి. ముందు చక్రానికీ అతని చక్రానికీ మధ్య ఒక మీటరు ఎడం వస్తుంది, తర్వాత మూడు మీటర్లు, తర్వాత పది. ఎడం పెరిగే కొద్దీ చాటు తగ్గిపోతుంది. అంటే అందరికంటే బలహీనుడు, అందరికంటే అలిసినవాడు, చాటు ఎవరికి ఎక్కువ అవసరమో అతడే దాన్ని ముందుగా పోగొట్టుకుంటాడు. అప్పటిదాకా తొక్కిన వేగాన్నే నిలుపుకోవాలన్నా ఇప్పుడు ఎక్కువ బలం పెట్టాలి, బలం లేకనే కదా వెనకబడింది. బలమైనవాళ్లు పదిమంది ఒకరి చాటున ఒకరు హాయిగా కబుర్లు చెప్పుకుంటూ పోతుంటే, ఆ ఒక్కడు ఒంటరిగా మొత్తం గాలిని మోస్తూ వస్తాడు. బయటినుంచి చూసేవాడికి అతడు "మెల్లగా" వస్తున్నట్టు కనిపిస్తాడు. నిజానికి ఆ రోడ్డు మీద ఆ క్షణంలో అందరికంటే కష్టపడుతున్నవాడు అతడే.

దీనికి తోడు స్పీడ్ బ్రేకర్లు. జాలరిపేటల ముందు, బడుల ముందు వేసిన ప్రతి గట్టు దగ్గరా బృందం మొదలు నెమ్మదించి దాటి మళ్లీ ఊపందుకుంటుంది. మొదట్లో ఉన్నవాళ్లు ఊపందుకునే సమయానికి చివరివాళ్లు ఇంకా బ్రేకు మీదే ఉంటారు. కాబట్టి గట్టు దాటిన ప్రతిసారీ చివరివాడు పరుగెత్తి అందుకోవాలి. ముందున్నవాడికి సమంగా సాగిన ప్రయాణం చివరివాడికి ఇరవై చిన్న పందేలుగా సాగుతుంది.

"మేము ఆగుతాం కదా" అంటారు. నేనూ అనేవాణ్ని. ఆ ఆగడం ఎలా ఉంటుందో గడియారంతో చూద్దాం. పన్నెండు కిలోమీటర్ల దూరంలో టీ కొట్టు దగ్గర కలుద్దామనుకున్నారు. గంటకు 24 కిలోమీటర్లతో వెళ్లినవాడు అరగంటలో చేరాడు, 18తో వెళ్లినవాడు నలభై నిమిషాల్లో చేరాడు. ముందు చేరినవాడు పది నిమిషాలు కూర్చున్నాడు, టీ తాగాడు, చెమట ఆరింది, కాళ్లు పట్టేస్తున్నాయని లేచి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు చివరివాడు వచ్చాడు. "వచ్చేశారా, ఇక వెళదామా?" అడిగినవాడి మనసులో ఏ దోషమూ లేదు, పది నిమిషాలు ఓపిగ్గా ఎదురుచూశాడు. చివరివాడు కాలు కింద పెట్టీపెట్టకముందే, అందరూ హెల్మెట్లు పెట్టుకుని తనవైపే చూస్తుంటే, "నాకు టీ వద్దులెండి, వెళదాం" అంటాడు. బలమైనవాడికి పది నిమిషాల విశ్రాంతి, బలహీనుడికి రెండు నిమిషాలు. ఇది రెండుసార్లు జరిగితే అతడు మూడో ఆదివారం రాడు. రాలేకపోవడాన్ని మేము "వాళ్లకు ఆసక్తి తగ్గింది" అని రాసుకుంటాం.

నూరేళ్ల తగువు

ఇది మా బీచ్ రోడ్డులో పుట్టిన తగువు కాదు. 1897లో పన్నెండుమంది ఇటాలియన్లు రోమ్ నుంచి నేపుల్స్ దాకా 230 కిలోమీటర్లు పగటి వెలుతురులోనే పూర్తిచేయాలని సైకిళ్ల మీద బయలుదేరారు. అలాంటి సాహసికులను సూచించే లాటిన్ మాట నుంచే ఇలా కలిసి తొక్కే పద్ధతికి 'ఆడాక్స్' పేరు వచ్చింది. టూర్ డి ఫ్రాన్స్ పందేన్ని మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ 1904లో ఈ పద్ధతిని ఫ్రాన్సుకు తెచ్చాడు. అందులో పందెం లేదు. దారి నాయకుడు ముందుండి ఒక నిర్ణీత వేగంతో నడిపిస్తాడు, అతన్ని దాటి ఎవరూ పోరాదు, అందరూ కలిసి చేరాలి. ఆ తర్వాత తగవులొచ్చాయి. 1921లో ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అనే పారిస్ సైకిలు సంఘం ఎవరి వేగం వారిదేనన్న పద్ధతిని పట్టుకుంది. ఇప్పుడు మన దేశంలో జరిగే బీఆర్ఎం రైడ్లన్నీ, అంటే గడువులోపల పూర్తిచేయవలసిన దూరపు సైకిలు రైడ్లన్నీ, ఈ రెండో దారివే: 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40. ఆ గడువులోపల ఎవరు ఎప్పుడు చేరినా పేరు ఒక్కలాగే రాస్తారు, మొదటివాడికి బహుమతి లేదు.

ఈ చరిత్ర తెలిసిన కొత్తలో నా వాదానికి బలం దొరికిందని సంబరపడ్డాను. నిదానంగా ఆలోచిస్తే అది నన్ను అంత సులువుగా సమర్థించడం లేదు. పాత ఆడాక్స్ పద్ధతిలో వేగం చివరివాడు నిర్ణయించింది కాదు, ముందే ప్రకటించిన అంకె. ఇప్పటికీ ఆ పద్ధతిలో తొక్కేవారి అంకె గంటకు 22.5 కిలోమీటర్లు. అంత వేగం లేనివాడు రాడు. అంటే అది మా కుర్రాడు గురువారం రాసిన ప్రకటనే! అందరి వేగాన్ని ఒక్కటి చేయడం కోసం కొందరిని గడప బయటే నిలిపారు. ఇక ఎవరి వేగం వారిదన్న పద్ధతి చూడబోతే, అక్కడ ఎవరూ ఎవరి కోసమూ ఆగనక్కరలేదు, అయినా 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలంటే టిఫినుతో, పంక్చర్లతో, చెట్టు కింద కునుకుతో సహా గంటకు పదిహేను కిలోమీటర్లు కూడా అవసరం లేదు. కలిసి తొక్కేవాళ్లు నెమ్మది మనిషిని బయటపెడితే, విడిగా తొక్కేవాళ్లు అతనికి చోటు ఇచ్చారు.

అలాంటప్పుడు అందరం విడివిడిగా తొక్కుకోవచ్చు కదా, ఈ పట్టుదల ఎందుకు? ఈ ప్రశ్నకు నా దగ్గర ఉన్న సమాధానం చాలా చిన్నది. బీఆర్ఎంకు వెళ్లేవాడు తనను తాను పరీక్షించుకోవడానికి వెళతాడు. ఆదివారం ఐదు గంటలకు సబ్‌మెరైన్ దగ్గరికి వచ్చేవాడు మనుషుల కోసం వస్తాడు. ఒంటరిగా తొక్కాలనుకునేవాడికి వాట్సాప్ బృందంతో పని లేదు, ఫలానా చోట ఫలానా వేళకు రమ్మని ఒకరు చెప్పనక్కరలేదు. మాస్టారు ఇంటి దగ్గరే తొక్కుకోవచ్చు, అప్పుఘర్ దాకా వెళ్లి రావచ్చు. ఆయన మా దగ్గరికి వచ్చింది మాట్లాడడానికి.

వెనక కాపలా

మోకాలి నొప్పి వచ్చి, వైద్యుడు ఏడాదిపాటు ఎత్తులు ఎక్కవద్దన్నాక, నేను బృందంలో స్వీప్‌గా మారాను. అంటే అందరికంటే చివర ఉండి, ఎవరూ తప్పిపోకుండా చూసే పని. చాలా బృందాల్లో ఈ సమస్యకు ఇదే మందు, నేనూ అలాగే నమ్మాను. నా సుగుణానికి నేనే మురిసిపోతూ నాలుగు నెలలు చేశాను కూడా.

ఒక ఆదివారం ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే ఒకామె, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నేరుగా వచ్చింది. మామూలుకంటే ఇంకా నెమ్మదిగా తొక్కుతోంది. నేను పది అడుగుల వెనక, మధ్యమధ్య "బాగా తొక్కుతున్నారు, తొందరేం లేదు" అంటూ వస్తున్నాను. రుషికొండ దాటాక ఆమె బ్రేకు వేసి ఆగి, "ఏమీ అనుకోకండి అన్నయ్యా, మీరు వెనక వస్తుంటే ఎవరో తరుముతున్నట్టుంది. నా వల్లనే మీకు ఆలస్యమవుతోందని ప్రతి నిమిషం గుర్తొస్తోంది. ఆగి సముద్రం చూద్దామన్నా చూడలేకపోతున్నాను" అంది.

నా వాదానికి ఎదురయ్యే గట్టి ప్రశ్న ఇదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నెమ్మదిగా తొక్కేవాడికి తన కోసం పదిమంది ఆగడం వరమా, శిక్షా? వెళ్లిపొమ్మన్నప్పుడు అతడు ఆడింది మర్యాద అబద్ధమేనని నేను అంత ధీమాగా ఎలా చెప్పగలను? కొందరికి నిజంగానే ఒంటరిగా, తన ఊపిరి తాను వింటూ, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగుతూ రావాలని ఉండవచ్చు. అలాంటివాడి మీద బృందపు దయను రుద్దడం వేగవంతుడి అహంకారానికి ఇంకో రూపం కాదా?

చాలాకాలం ఆలోచించి నేను చేరిన చోటు ఇది. ఆమెను ఇబ్బంది పెట్టింది నేను వెనక ఉండడం ఒక్కటే కాదు, ఆమె చివర ఉండడం. మిగిలిన బృందం కిలోమీటరు ముందు కనిపించకుండా పోయాక, స్వీప్ ఎంత మర్యాదస్తుడైనా అతడు కాపలాదారుడే అవుతాడు. అందుకని మేము ఆ క్రమాన్నే మార్చి చూశాం. నిలకడగా తొక్కగల ఒకరు ముందు, ఆ వెంటనే రెండో స్థానంలో అందరికంటే నెమ్మదివారు, మిగిలినవారు వారి వెనక. గాలి చాటు ఎవరికి ఎక్కువ అవసరమో వారికే ముందుగా దొరుకుతుంది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర పరుగెత్తవలసిన పని బలమైన కాళ్లున్న చివరివాళ్ల మీద పడుతుంది. ముందున్నవాడు వేగం పెంచితే రెండోవాడు "కొంచెం మెల్లగా" అంటే సరిపోతుంది, వినపడేంత దూరంలోనే ఉంటాడు. అన్నింటికంటే ముఖ్యం, అతని వెనక మిగిలినవాళ్లు మాట్లాడుకుంటూ వస్తుంటారు కాబట్టి అతని కోసం ఎవరూ ఎదురుచూస్తున్నట్టు ఉండదు. నర్సు ఆ తర్వాతి రైడ్లలో ఒక్కసారి కూడా క్షమాపణ చెప్పలేదు. ఇంతకుముందు ప్రతి మజిలీ దగ్గరా చెప్పేది.

ఇంకో చిన్న నియమం కూడా పెట్టుకున్నాం. చివరి మనిషి కూర్చున్నాకే టీ చెప్పాలి. విశ్రాంతి గడియారం అప్పటినుంచే మొదలవుతుంది.

కుర్రాడి పక్షం

వేగాన్ని నేను చిన్నచూపు చూడడం లేదు. తొట్లకొండ దిగువన రోడ్డు వంపు తిరిగేచోట నలభై దాటినప్పుడు చెవుల్లో గాలి చేసే చప్పుడు నాకు తెలుసు. దాన్ని ఎరిగినవాడు పదిహేడుతో తొక్కమంటే విసుక్కోవడం సహజం. నా మోకాలు బాగున్న రోజుల్లో ఈ వ్యాసం నేను రాసి ఉండేవాణ్ని కానన్నది కూడా నిజమే. అభిప్రాయం మారిందో, కీలు అరిగిందో నాకే ఖచ్చితంగా తెలియదు.

అతని వాదంలో నాకు కాదనలేనిది మరొకటి ఉంది. భీమిలి వెళ్లి రావడం యాభై కిలోమీటర్లు. పాతికతో తొక్కితే రెండు గంటలు, పదిహేడుతో అయితే మూడు గంటలు. టిఫిను కూడా కలుపుకుంటే మే నెలలో ఎండ నెత్తికెక్కాక, పర్యాటకుల కార్లు రోడ్డు నిండాక ఊళ్లోకి రావలసి వస్తుంది. రోడ్డు మీద ఒక గంట ఎక్కువ గడపడమంటే ఒక గంట ఎక్కువ ప్రమాదం. నెమ్మదే భద్రత అని నేను అనలేను. పదిహేనుమంది బారుగా నెమ్మదిగా పోతుంటే వెనక బస్సు డ్రైవరు సహనం ఎంతసేపు నిలుస్తుందో అందరికీ తెలిసిందే. అందుకే ఎనిమిది మందికి మించితే రెండు గుంపులుగా విడిపోతాం, మధ్యలో వాహనాలు దాటి వెళ్లడానికి చోటు వదులుతాం.

సమయం సంగతికి నా దగ్గరున్న విరుగుడు అతనికి నచ్చదు. మనిషిని తగ్గించే బదులు దూరం తగ్గించుకోవాలంటాను. భీమిలికి బదులు తొట్లకొండ దగ్గర, అదీ కాకపోతే రుషికొండ దగ్గర వెనక్కి తిరగవచ్చు. "భీమిలి పోకుండా అది ఏం రైడండీ?" అని అతడు అడుగుతాడు. పోగొట్టుకునేది లేదని నేను బుకాయించను. గోస్తని సముద్రంలో కలిసేచోటు చూడకుండా తిరిగి రావడం నాకూ లోటుగానే ఉంటుంది.

బలమైనవాళ్లకు మేము వదిలిన వెసులుబాటు ఒకటుంది. ఎత్తుల దగ్గర ఎవరి వేగం వారిది. రుషికొండ ఎక్కేసి, మళ్లీ కిందికి దిగివచ్చి, రెండోసారి బృందంతో కలిసి ఎక్కవచ్చు. ఒకే దూరంలో అతనికి రెండు కొండలు, మిగిలినవారికి ఒకటి. ఇది కొందరికి బాగా నచ్చింది. ఒకరిద్దరు మాత్రం అలా ఎదురొచ్చేవాణ్ని చూస్తే చివర ఎక్కుతున్నవాడికి ఉన్న దమ్ము కూడా పోతుందని అన్నారు. ఆ మాటలోనూ నిజముంది. ఇక వేగంగా తొక్కాలనే కోరిక తీరడానికి మంగళవారం ఉంది, గురువారం ఉంది. ఆ రోజుల్లో పాతికేం ఖర్మ, ముప్ఫై అని రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఆదివారం ఒక్కటి విడిచిపెట్టమంటున్నాను.

సైకిళ్ల ఖరీదు సంగతి ఎత్తితే ఈ వ్యాసం తెగదు. లక్షన్నర కార్బన్ సైకిలు, కొడుకు వదిలేసిన ఇనుప సైకిలు ఒకే సగటు వేగాన్ని అందుకోవాలని రాయడంలో ఒక వింత ఉందని మాత్రం అని ఊరుకుంటాను.

కిందటి నెల ఆనందపురం వైపు ఒక్కణ్నే వెళుతుంటే బడికి పోతున్న ఆడపిల్లలు ఆరుగురు కనిపించారు. అందరివీ ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్లే, ముందు బుట్ట, వెనక క్యారేజీ. రోడ్డు ఖాళీగా ఉన్నచోట పక్కపక్కన, వాహనం చప్పుడు వినగానే ఒకరి వెనక ఒకరు, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే సర్దుకుంటున్నారు. ఒకమ్మాయి చైను ఊడిపోయింది. ఆరుగురూ ఆగారు. ఇద్దరు దిగి చైను ఎక్కిస్తుంటే మిగిలినవాళ్లు తాము చెప్పుకుంటున్న కబురును మధ్యలో ఆపనైనా ఆపలేదు. నేను వాళ్లను దాటాను, కాసేపటికి టీ కోసం ఆగితే వాళ్లు నన్ను దాటారు. వాళ్ల వేగం ఎంతని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. మాట అందేంత వేగం అనాలేమో. వాళ్లకు బడి గంట ఉంది, ఆలస్యమైతే అడిగే టీచరు ఉంది. మాకు ఆదివారం పూట అవేవీ లేవు.

శుక్రవారం పొద్దున్న ఆ ప్రకటన కింద ఒక పెద్ద సమాధానం రాయడం మొదలుపెట్టి, గాలి లెక్క దాకా వచ్చి చెరిపేశాను. అదే ఈ వ్యాసమైంది. బృందంలో మాత్రం రెండు వాక్యాలే రాశాను: "భీమిలి రైడ్ ఐదు గంటలకు వెళ్లనివ్వండి. ఐదుంబావుకు సబ్‌మెరైన్ దగ్గర నుంచే ఇంకో రైడ్, తొట్లకొండ దాకా, రెండో స్థానం ఎవరిదో అక్కడ తేల్చుకుందాం." తర్వాత పాత నంబరు ఒకటి వెతికి మాస్టారికి ఫోను చేశాను. సైకిలు అమ్మేశానన్నారు. మా ఇంట్లో ఒకటి ఖాళీగా ఉందన్నాను. "ఎందుకు బాబూ, మీరు వెళ్లండి" అన్నారు. నేను రెండోసారి అడిగాను. సీటు ఎత్తు ఎంత ఉంటుందని అడిగారు.